హైబ్రిడ్ కారులో హామ్ రిగ్: కరెంటు ఎక్కడి నుంచి తీసుకుంటే మంచిది?

పాత పెట్రోలు కారులో రిగ్, అంటే సరదాకి లైసెన్సు తీసుకుని మాట్లాడుకునే హామ్ రేడియో సెట్టు, పెట్టడానికి పెద్దగా ఆలోచించేవాళ్లం కాదు. బ్యాటరీ నుంచి రెండు లావుపాటి వైర్లు లాగి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేసి, డ్యాష్‌బోర్డు కిందికి తెచ్చుకుంటే పని అయిపోయేది. ఇంజను తిరిగినంతసేపూ ఆల్టర్నేటర్ బ్యాటరీని నింపుతూ ఉండేది. ఇప్పుడు ఇన్నోవా హైక్రాస్, హైరైడర్ లాంటి హైబ్రిడ్లు బెంగళూరులో ఏ సిగ్నల్ దగ్గర చూసినా కనిపిస్తున్నాయి. అవి తయారయ్యేదీ మన పక్కనున్న బిడదిలోనే. వాటి బానెట్ ఎత్తి చూస్తే ఆల్టర్నేటర్ ఉండదు, నారింజ రంగు కేబుళ్లు ఉంటాయి. ఇంజను ఎప్పుడు తిరగాలో ఎప్పుడు ఆగాలో కారే నిర్ణయించుకుంటుంది. దాంతో హామ్ లైసెన్సు ఉన్నవాళ్లకి మొదలయ్యే ప్రశ్న ఒకటే: రిగ్‌కి కరెంటు ఎక్కడి నుంచి?

దీనికి ఐదు దారులున్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలామందికి, ముఖ్యంగా హెచ్‌ఎఫ్ (చాలా దూరాలకి వెళ్లే షార్ట్‌వేవ్ బ్యాండ్లు) మీద మనసున్నవాళ్లకి, కారు వైరింగు జోలికి వెళ్లకుండా విడిగా ఒక లిథియం బ్యాటరీ పెట్టుకోవడమే మంచిది. వారంటీ గొడవ తప్పుతుందన్నది ఒక కారణం మాత్రమే. అసలు కారణం వేరే ఉంది, అది నాయిస్ (రేడియోలో వినిపించే రొద) దగ్గర చెప్తాను.

## ముందు మీది ఏ హైబ్రిడ్డో చూసుకోండి

షోరూములో రెండు రకాల కార్లనీ హైబ్రిడ్ అనే అంటారు. రిగ్ పెట్టేవాళ్లకి మాత్రం ఆ రెండిటికీ చాలా తేడా ఉంది.

ఎర్టిగా, ఎక్స్‌ఎల్6 లాంటి స్మార్ట్ హైబ్రిడ్లు మైల్డ్ హైబ్రిడ్లు. వీటిలో అంతా 12 వోల్టుల వ్యవహారమే. ఆల్టర్నేటర్ స్థానంలో బెల్టుతో తిరిగే స్టార్టర్ జనరేటర్ ఉంటుంది, మామూలు బ్యాటరీకి తోడు చిన్న లిథియం బ్యాటరీ ఒకటి ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు ఛార్జింగు పెరుగుతుంది, ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు తగ్గుతుంది. అందుకని వోల్టేజీ ఒకచోట నిలవదు. సిల్క్ బోర్డు దగ్గర సిగ్నల్ పడి ఇంజను ఆగితే ఛార్జింగూ ఆగుతుంది. మళ్లీ స్టార్ట్ అయ్యే క్షణంలో వోల్టేజీ పడిపోవచ్చు. సరిగ్గా అప్పుడే మైకు నొక్కి ఉంటే కొన్ని రిగ్‌లు ఆగి మళ్లీ ఆన్ అవుతాయి.

హైక్రాస్ హైబ్రిడ్, హైరైడర్‌లో స్ట్రాంగ్ హైబ్రిడ్ వేరియంట్, హోండా సిటీ ఈ-హెచ్‌ఈవీ లాంటివి స్ట్రాంగ్ హైబ్రిడ్లు. హైక్రాస్‌లో 168 నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ ఉన్న బ్యాటరీ ఉంటుంది. సెల్‌కి 1.2 వోల్టుల లెక్కన అది 200 వోల్టుల పైమాటే. దాన్నుంచి డీసీ-డీసీ కన్వర్టర్ ఒకటి వోల్టేజీని దించి 12 వోల్టుల బ్యాటరీని నింపుతుంది. ఇంజనును తిప్పే పని హై వోల్టేజీ మోటారుదే కాబట్టి ఆ 12 వోల్టుల బ్యాటరీకి స్టార్టింగు భారం లేదు. కంప్యూటర్లను మేల్కొల్పి, రిలేలను మూస్తే చాలు. అందుకే అది సాధారణంగా చిన్నదిగా ఉంటుంది.

గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, ఆ కన్వర్టర్ పనిచేసేది డ్యాష్‌బోర్డు మీద రెడీ అని వెలిగినప్పుడే. రెడీలో ఉంటే ఇంజను ఆగి ఉన్నా 12 వోల్టుల లైను నిలకడగా ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కున్నా రిగ్‌కి వోల్టేజీ తగ్గదు. ఈ విషయంలో స్ట్రాంగ్ హైబ్రిడ్ పాత కారు కంటే మెరుగు. అదే యాక్సెసరీ మోడ్‌లో పెట్టి రిగ్ వింటూ కూర్చుంటే మాత్రం ఆ చిన్న బ్యాటరీని నింపేవాళ్లు ఎవరూ ఉండరు. రిగ్ రిసీవ్‌లో తీసుకునేది ఒక ఆంపియర్‌కి అటూ ఇటూ. కారు స్క్రీనూ కంప్యూటర్లూ అంతకు ఎన్నో రెట్లు తింటాయి. 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోతే హై వోల్టేజీ బ్యాటరీ నిండుగా ఉన్నా కారు రెడీకి రాదు. పలమనేరు ఘాట్ దగ్గర పక్కన ఆపుకుని రేడియో పెట్టుకున్నవాళ్లకి ఆ పరిస్థితి రాకూడదు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఎంత కరెంటు కావాలి. 5 వాట్ల హ్యాండ్‌హెల్డ్ ట్రాన్స్‌మిట్‌లో ఒకటిన్నర, రెండు ఆంపియర్లు తీసుకుంటుంది. 50 వాట్ల వీహెచ్‌ఎఫ్ (దగ్గరి దూరాలకి వాడే, 2 మీటర్ల లాంటి బ్యాండ్లు) రిగ్‌కి 10 నుంచి 13 ఆంపియర్లు కావాలి. 100 వాట్ల హెచ్‌ఎఫ్ రిగ్ 20 నుంచి 23 ఆంపియర్లు లాగుతుంది. మీ గ్రేడుకు ఎన్ని వాట్ల వరకు అనుమతి ఉందో, వాహనం నుంచి ఆపరేట్ చేయడానికి ఏ షరతులున్నాయో లైసెన్సులో చూసుకున్నాకే రిగ్ సంగతి. 2 మీటర్ల బ్యాండు మనకి 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకానే. అంతకు పైన కూడా వెళ్లే రిగ్ అయినా మనం వెళ్లకూడదు.

రిగ్ దాకా ఎన్ని వోల్టులు చేరతాయి. చాలా రిగ్‌లు 13.8 వోల్టులకి అటూ ఇటూ 15 శాతం వరకు తట్టుకుంటాయి. అంటే 11.7 కిందకి పోకూడదు. బ్యాటరీ నుంచి రిగ్‌కి 4 మీటర్ల దూరం అనుకుందాం. వెళ్లేదీ వచ్చేదీ కలిపి 8 మీటర్ల రాగి. 22 ఆంపియర్లకి 2.5 స్క్వేర్ ఎంఎం వైరులో సుమారు 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. 4 స్క్వేర్ ఎంఎంలో 0.87, 6 స్క్వేర్ ఎంఎంలో 0.6 లోపు, 10 స్క్వేర్ ఎంఎంలో 0.34. హెచ్‌ఎఫ్ రిగ్‌కి 6 కంటే సన్నది నేను సిఫారసు చేయను. వీహెచ్‌ఎఫ్ రిగ్‌కి 4 సరిపోతుంది. ఎస్పీ రోడ్డులో వైరు కొనేటప్పుడు పూర్తి రాగి అని అడిగి, కొస చెక్కి చూసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు పైకి ఒకేలా కనిపిస్తుంది, వోల్టేజీ మాత్రం ఇంకా ఎక్కువ తినేస్తుంది.

నాయిస్. దీని గురించి విడిగా చెప్పాలి.

వారంటీ, మళ్లీ విప్పగలగడం. టొయోటా ఇక్కడ హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. రేపు ఏదైనా ఎలక్ట్రికల్ సమస్య వస్తే సర్వీస్ సెంటర్ వాళ్ల కన్ను ముందు పడేది మీరు వేయించిన వైరు మీదే. దానివల్లే సమస్య వచ్చిందా లేదా అన్న వాదన మీకు అనవసరమైన టెన్షన్. కారు కంపెనీదైతే, లీజుదైతే ఇంకా జాగ్రత్త పడాలి.

ఎండ. లిథియం బ్యాటరీని ఎండలో ఆపిన కారులో వదిలేయడం మంచిది కాదు. బెంగళూరులో ఏప్రిల్‌లో కూడా నీడ చూసి ఆపితే సర్దుకుపోవచ్చు. మే నెలలో చెన్నై వెళ్తే మాత్రం బ్యాటరీని మీతోపాటు లోపలికి తీసుకెళ్లాల్సిందే.

## ఐదు దారులు ఒకచోట

| దారి | సరిపోయే పవర్ | కారు వైరింగు ముట్టుకోవాలా | నాయిస్ | ముఖ్యమైన ఇబ్బంది |
|---|---|---|---|---|
| హ్యాండ్‌హెల్డ్, బయట యాంటెన్నా | 5 వాట్లు | అక్కర్లేదు | చాలా తక్కువ | దూరం తక్కువ |
| 12 వోల్టుల సాకెట్ | 5–10 వాట్లు | అక్కర్లేదు | మధ్యస్థం | సాకెట్ ఫ్యూజు, వేడి |
| 12 వోల్టుల బ్యాటరీ నుంచి నేరుగా | 50–100 వాట్లు | ముట్టుకోవాలి | హెచ్‌ఎఫ్‌లో ఎక్కువ | వారంటీ, రెడీ మోడ్ |
| విడి లిథియం బ్యాటరీ | 50–100 వాట్లు | అక్కర్లేదు | కారు ఆపేస్తే తక్కువ | ఇంటికి మోసుకెళ్లి ఛార్జింగు |
| విడి బ్యాటరీ, కారులోనే ఛార్జర్ | 50–100 వాట్లు | కొంత ముట్టుకోవాలి | ఛార్జర్ ఆపితే తక్కువ | ఖర్చు, వైరింగు పని |

## హ్యాండ్‌హెల్డ్, బయట యాంటెన్నా

కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లు ఇక్కడే మొదలుపెట్టాలి. కారు ఇనుప పెట్టె కాబట్టి లోపల రబ్బరు యాంటెన్నాతో మాట్లాడితే సిగ్నల్ సగం లోపలే చస్తుంది. పైకప్పు మీద అయస్కాంతంతో నిలిచే 49 సెంటీమీటర్ల క్వార్టర్ వేవ్ యాంటెన్నా పెట్టి, సన్నటి కో-యాక్స్ (యాంటెన్నా కేబుల్)ని తలుపు రబ్బరు సందులోంచి లోపలికి తెచ్చుకుంటే అదే 5 వాట్లు ఎంతో మెరుగ్గా వెళ్తాయి. రిపీటర్ (మన సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే స్టేషన్) అందే చోట రోజూ ఆఫీసు దారిలో మాట్లాడుకోవడానికి ఇది చాలు.

ఒకటి గమనించండి. యూఎస్‌బీ కార్ ఛార్జర్లలో చవకరకం చాలా నాయిస్ చేస్తాయి. హ్యాండ్‌హెల్డ్‌ని దానికి తగిలించి వింటే బలహీనమైన స్టేషన్లు మాయమవుతాయి. ఛార్జింగు ఇంట్లోనే పెట్టుకోండి.

## 12 వోల్టుల సాకెట్

సాకెట్ పక్కన 120 వాట్లు అని రాసి ఉంటుంది, అంటే 10 ఆంపియర్లు. మొబైల్ రిగ్‌ని లో పవర్‌లో పెట్టి 5, 10 వాట్లతో వాడితే నాలుగైదు ఆంపియర్లతో సరిపోతుంది. అంతవరకు ఫరవాలేదు. పొరపాటున హై పవర్ నొక్కితే ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పోతే పెద్ద నష్టం లేదు, స్ప్రింగుతో ఆనే ఆ కాంటాక్టు వేడెక్కి ప్లాస్టిక్ కరగడం అంతకంటే ప్రమాదం. ఫ్యూజు పోతోందని పెద్దది వేసేవాళ్లను చూశాను, అది ఎప్పుడూ చేయకండి. సాకెట్ వెనక ఉన్న వైరు ఆ ఫ్యూజుకి తగినంతే ఉంటుంది.

## 12 వోల్టుల బ్యాటరీ నుంచి నేరుగా

కారులోనే రిగ్ ఎప్పుడూ ఉండాలి, నడుపుతూ వీహెచ్‌ఎఫ్‌లో 50 వాట్లు కావాలి అనుకునేవాళ్లకి ఇది సరైన దారి. పని మాత్రం పద్ధతిగా జరగాలి.

బ్యాటరీ ఎక్కడుందో ముందు ఓనర్ మాన్యువల్‌లో చూడండి. కొన్ని హైబ్రిడ్లలో బానెట్ కింద ఉంటుంది, కొన్నిటిలో వెనకాల ఉంటుంది. వెనకాల ఉంటే రిగ్ బాడీని డిక్కీలో పెట్టి, ముందు ప్యానెల్‌ని మాత్రం డ్యాష్‌బోర్డుకి తెచ్చుకుంటే వైరు పొడవు తగ్గుతుంది. ప్యానెల్ విడిపోయే రిగ్‌లు ఇందుకోసమే ఉన్నాయి.

పాజిటివ్ వైరుకి బ్యాటరీ టెర్మినల్ నుంచి జానెడు లోపే ఫ్యూజు ఉండాలి. నెగెటివ్ విషయంలో పాత సలహా మారింది. ఇదివరకు దాన్నీ బ్యాటరీ పోస్టుకే బిగించి, దానికీ ఒక ఫ్యూజు వేసేవాళ్లం. ఇప్పటి కార్లలో చాలావాటికి నెగెటివ్ టెర్మినల్ మీదే కరెంటును కొలిచే సెన్సర్ ఉంటుంది. మన వైరుని దాన్ని దాటించి పోస్టుకి బిగిస్తే, రిగ్ తీసుకున్న కరెంటు కారు లెక్కలోకి రాదు. అందుకని బ్యాటరీ నెగెటివ్ కేబుల్ కారు బాడీకి కలిసే ఫ్యాక్టరీ గ్రౌండ్ పాయింటు దగ్గర బిగించాలి. అప్పుడు అందులో ఫ్యూజు అక్కర్లేదు.

వైరు లాగేటప్పుడు రెండు రంగులు చూడండి. నారింజ కేబుల్ హై వోల్టేజీది. దాని పక్కనే కట్టడం, దాని క్లిప్పులకే మన వైరు తగిలించడం వద్దు. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగులవి. పక్క పిల్లర్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగు తెరుచుకునే దారికి అడ్డంగా కో-యాక్స్ గానీ వైరు గానీ పోకూడదు.

ఈ పని జేసీ రోడ్డులో మ్యూజిక్ సిస్టమ్ బిగించే కుర్రాళ్లతో చేయించడానికి చాలామంది వెళ్తారు. వాళ్లలో చేయి తిరిగినవాళ్లు ఉన్నారు, తెలుగులో మాట్లాడినా పని జరిగిపోతుంది. కానీ "అన్నా, ఫ్యూజు ఇక్కడెందుకు, రేడియో దగ్గర వేద్దాం" అంటే ఒప్పుకోకండి. రిగ్ దగ్గరి ఫ్యూజు రిగ్‌ని కాపాడుతుంది. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు, దారిలో వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే, కారుని కాపాడుతుంది.

## విడి లిథియం బ్యాటరీ

ఇక్కడ చెప్పేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం గురించి. సెల్‌కి 3.2 వోల్టుల చొప్పున నాలుగు సెల్స్ కలిస్తే 12.8 వోల్టులు. ఫోన్లలో వాడే లిథియం రకాలతో పోలిస్తే నిప్పు ప్రమాదం చాలా తక్కువ. ఛార్జి చాలావరకు అయిపోయేదాకా వోల్టేజీ దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది. యూపీఎస్‌లో వాడే లెడ్ బ్యాటరీ లోడు పడగానే 12 కిందికి జారిపోతుంది, ఇది జారదు.

100 వాట్ల రిగ్ 13.8 దగ్గర ఇచ్చే పవరు 12.8 దగ్గర ఇవ్వకపోవచ్చు. 90 వాట్లు వస్తాయనుకోండి, తేడా అర డెసిబెల్ కూడా కాదు. అవతలి స్టేషన్‌కి అది తెలియను కూడా తెలియదు.

20 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 16 వాడుకున్నామనుకుని లెక్క వేద్దాం. వీహెచ్‌ఎఫ్‌లో పదో వంతు సమయం 50 వాట్లతో మాట్లాడి, మిగతా సేపు వింటే తొమ్మిది గంటల పైనే వస్తుంది. హెచ్‌ఎఫ్‌లో ఎస్‌ఎస్‌బీ (అక్కడ మాటలకి వాడే పద్ధతి) మాటల్లో సగటు కరెంటు తక్కువ కాబట్టి, ఐదో వంతు సమయం మాట్లాడితే ఐదు గంటల దాకా వస్తుంది. ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో నడిపే డిజిటల్ పద్ధతి) పూర్తి పవర్‌తో నడిపితే గంటన్నర కూడా రాదు. ఎఫ్‌టీ8కి 20, 25 వాట్లు చాలు, అలా తగ్గించుకుంటే ఒక మధ్యాహ్నమంతా గడుస్తుంది.

కొనేటప్పుడు ఆంపియర్ అవర్లు మాత్రమే చూసి మోసపోవద్దు. లోపలి రక్షణ సర్క్యూట్ ఎన్ని ఆంపియర్లు వదులుతుందో అడగండి. 20 ఆంపియర్ అవర్ల ప్యాకుల్లో కొన్నిటి పరిమితి 20 ఆంపియర్లే. హెచ్‌ఎఫ్ రిగ్ గట్టిగా మాట్లాడగానే 22 దాటి, బ్యాటరీ టక్కున ఆగిపోతుంది. రిగ్‌లో లోపమనుకుని దాన్ని విప్పుకుంటూ కూర్చునేవాళ్లు ఉన్నారు. 30 ఆంపియర్ల సర్క్యూట్ ఉన్నది తీసుకోండి. ఛార్జరు కూడా 14.4 లేదా 14.6 వోల్టుల దగ్గర ఆగే లిథియం ఛార్జరే కావాలి. బ్యాటరీని పెట్టెలో పెట్టి డిక్కీలో బెల్టుతో బిగించండి. సడన్ బ్రేకు పడితే అంత బరువు ముందుకి దూసుకొస్తుంది. ఈ బ్యాటరీకీ ఫ్యూజు తప్పనిసరి. లిథియం షార్ట్ అయితే వదిలే కరెంటు తక్కువేమీ కాదు.

అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లకి ఇది పైకి మోసుకెళ్లడం కాస్త విసుగే. కానీ అదే బ్యాటరీ ఇంట్లో కరెంటు పోయినప్పుడు బాల్కనీ స్టేషన్‌కి పనికొస్తుంది, నంది హిల్స్ ఎక్కినప్పుడు బ్యాగులో పడుతుంది, రేపు కారు మార్చినా మీతోనే ఉంటుంది.

## నాయిస్: అసలు తేడా ఇక్కడే

హైబ్రిడ్‌లో ఇన్వర్టర్, డీసీ-డీసీ కన్వర్టర్, ఏసీ కంప్రెసర్ అన్నీ హై వోల్టేజీని వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ పనిచేసేవే. ఆ స్విచింగు నుంచి పుట్టే రొద హెచ్‌ఎఫ్ బ్యాండ్ల మీద పరుచుకుంటుంది. టొయోటా హైబ్రిడ్ల మాన్యువల్‌లోనే ఈ మాట ఉంటుంది: షీల్డింగు ఉన్నా టూవే రేడియో రిసెప్షన్‌లో నాయిస్ రావచ్చని, రేడియో బిగించేముందు డీలర్‌ని సంప్రదించమని, అది హైబ్రిడ్ సిస్టమ్, ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ మీద ప్రభావం చూపవచ్చని హెచ్చరిస్తారు. ఆ పేజీ చదవకుండా డ్రిల్లు తీయకండి.

2 మీటర్ల ఎఫ్‌ఎంలో ఈ బాధ పెద్దగా తెలియదు. 7 మెగాహెర్ట్జ్‌లో మాత్రం బాగా తెలుస్తుంది. ఆక్సిలరేటర్ తొక్కితే రొద స్థాయి మారుతుంది, బ్రేకు వేస్తే మళ్లీ మారుతుంది, ఏసీ వేస్తే ఇంకో పొర కలుస్తుంది. రిగ్ పవర్ వైర్ల మీద, కో-యాక్స్ మీద 31 మిక్స్ ఫెరైట్ కోర్‌లు (నాయిస్‌ని అణిచే రింగులు) వేసి నాలుగైదు చుట్లు చుడితే వైర్ల ద్వారా వచ్చేది తగ్గుతుంది. బానెట్, డిక్కీ డోరు, సైలెన్సర్ గొట్టాన్ని వెడల్పాటి అల్లిన రాగి పట్టీతో బాడీకి కలిపితే కొంత మెరుగవుతుంది. గాలిలోంచి యాంటెన్నాకి నేరుగా చేరేదాన్ని ఇవేవీ ఆపలేవు. నారింజ కేబుళ్ల మీద ఫెరైట్‌లు వేద్దామని మాత్రం ఎవరూ దిగకూడదు, ప్రాణానికే ముప్పు.

ఈ రొదంతా కచ్చితంగా ఆగేది కారుని పూర్తిగా ఆఫ్ చేసినప్పుడే. హై వోల్టేజీ రిలేలు తెరుచుకుంటాయి, కొన్ని నిమిషాల్లో కంప్యూటర్లు కూడా నిద్రలోకి వెళ్తాయి, బ్యాండు తేటగా వినిపిస్తుంది. రిగ్ కారు కరెంటు మీద ఉంటే అప్పుడు ఆ చిన్న బ్యాటరీ మీద పడతారు. పోనీ రెడీలో పెడదామంటే రొద తిరిగొస్తుంది. విడి బ్యాటరీ ఉంటే ఈ రెండూ లేవు. హార్స్‌లీ హిల్స్ మీద కారు ఆపి, తాళం వేసినట్టే ఆఫ్ చేసి, 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్) మీద చీకటి పడేదాకా కూర్చోవచ్చు. నేను విడి బ్యాటరీ వైపు మొగ్గడానికి కారణం ఇదే.

## విడి బ్యాటరీ, కారులోనే ఛార్జర్

మోసుకెళ్లడం కుదరనివాళ్లకి, వారాల తరబడి తిరిగేవాళ్లకి ఇది. కారు 12 వోల్టుల లైనుకీ మన లిథియం బ్యాటరీకీ మధ్య డీసీ-డీసీ ఛార్జరు ఒకటి పెడతారు. కరెంటును అది హద్దులో ఉంచుతుంది, లిథియానికి తగిన వోల్టేజీ ఇస్తుంది. 10 ఆంపియర్ల ఛార్జరు చాలు, 20 ఆంపియర్ అవర్ల బ్యాటరీ బెంగళూరులో బయల్దేరి చిత్తూరు చేరేలోపు నిండిపోతుంది. ఛార్జరు లేకుండా రెండు బ్యాటరీలనీ నేరుగా కలిపితే ఖాళీ లిథియం బ్యాటరీ ఒక్కసారిగా ఎంత దొరికితే అంత లాగుతుంది. అది చేయకూడదు.

ఛార్జరు ఎప్పుడు ఆన్ కావాలో చెప్పే సిగ్నల్ వైరు ఒకటి ఉంటుంది. దాన్ని ఇగ్నిషన్ మీద నడిచే ఫ్యూజుకి ఇవ్వాలి. లేకపోతే కారు ఆపాక కూడా చిన్న బ్యాటరీని ఖాళీ చేస్తూనే ఉంటుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో డాష్‌బోర్డు వెలిగినంత మాత్రాన రెడీ కాదు కాబట్టి, ఇన్‌పుట్ 13 వోల్టులకి పైన ఉంటేనే పనిచేసేలా సెట్ చేయగల ఛార్జరు అయితే ఇంకా మంచిది. హెచ్‌ఎఫ్ వినేటప్పుడు ఛార్జర్ని ఆపడానికి ఒక స్విచ్ పెట్టుకోండి, అదీ స్విచింగు సర్క్యూటే.

## ఎవరికి ఏది

ఆఫీసుకి వెళ్తూ వస్తూ రిపీటర్ మీద పలకరించుకునేవాళ్లకి హ్యాండ్‌హెల్డ్, పైకప్పు యాంటెన్నా. హైక్రాస్, హైరైడర్ పై వేరియంట్లలో కప్పు చాలామేరకు గాజే. అయస్కాంతం నిలవదు, యాంటెన్నాకి కింద లోహమూ ఉండదు. గాజుకి వెనకాల మిగిలిన ఇనుప రేకు మీద పెట్టండి, లేదా డిక్కీ డోరు అంచుకి బిగించే మౌంటు తీసుకోండి.

నెలకోసారి అనంతపురం, కడప వైపు ఊరికి వెళ్లేవాళ్లు దారిలో 50 వాట్లు కావాలంటే రెండిట్లో ఏదైనా పనికొస్తుంది. కారు సొంతదై, వారంటీ అయిపోయి ఉంటే నేరుగా వైరింగు చేయించుకోండి. కొత్త కారైతే విడి బ్యాటరీ. నడుపుతూ మైకు చేతిలో పట్టుకోవద్దు. డ్రైవింగులో చేత్తో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరం వాడటం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగులోకి వస్తుంది. పక్క సీటులో ఇంకో హామ్ ఉంటే వాళ్లకివ్వండి, లేకపోతే ఆపి మాట్లాడండి.

హెచ్‌ఎఫ్ వాళ్లకి విడి బ్యాటరీ తప్ప వేరే దారి నేను చెప్పను. కారు మీద పెట్టే 40 మీటర్ల యాంటెన్నాకి కాయిల్ పెట్టి పొట్టి చేస్తాం, క్వార్టర్ వేవ్ అసలు పొడవు 10 మీటర్లు కదా. అందులోనే పవర్ చాలా పోతుంది. ఆగి మాట్లాడేవాళ్లు ఒక చెట్టుకి తీగ యాంటెన్నా కట్టుకుంటే 20 వాట్లు కూడా కారు మీది పొట్టి యాంటెన్నాతో పంపే 100 వాట్లకి తీసిపోవు.

అత్యవసర సమయాల్లో సాయపడాలనుకునేవాళ్లకి లెక్క వేరు. 2015 డిసెంబరులో చెన్నై వరదలప్పుడు సెల్‌ఫోన్లూ కరెంటూ రెండూ పోయిన పేటలు ఉన్నాయి. అలాంటప్పుడు రోజుల తరబడి నడవాలి. స్ట్రాంగ్ హైబ్రిడ్ ఇక్కడ గొప్ప ఆస్తి. రెడీలో వదిలితే బ్యాటరీ తగ్గినప్పుడు ఇంజను తనంతట తనే స్టార్ట్ అయి నింపుకుంటుంది, మిగతా సేపు ఆగి ఉంటుంది, పెట్రోలు పొదుపుగా ఖర్చవుతుంది. దానికి విడి బ్యాటరీ, కారులో ఛార్జరు రెండూ కలిసిన ఐదో దారి సరిపోతుంది. ఒక్క హెచ్చరిక: బేస్‌మెంట్ పార్కింగులో, మూసిన గ్యారేజీలో రెడీలో వదలకండి. ఇంజను మీకు చెప్పకుండా మొదలవుతుంది, కార్బన్ మోనాక్సైడ్ నిండిపోతుంది. బయట గాలి ఆడేచోటే.

## కారు ఇంకా కొననివాళ్లు

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లేటప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న షార్ట్‌వేవ్ రేడియో వెంట తీసుకెళ్లండి. హెచ్‌ఎఫ్ రిసీవర్ ఉంటే ఇంకా మంచిది. ముందు కారు ఆఫ్‌లో ఉండగా, కారు పక్కన నిలబడి 7 మెగాహెర్ట్జ్ దగ్గర వినండి. తర్వాత రెడీలో, ఇంజను ఆగి ఉన్నప్పుడు వినండి. ఏసీ వేసి ఒకసారి, ఆపి ఒకసారి. మెల్లగా కదిలేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు పక్కవాళ్లని వినమనండి. ఆ మోడల్‌లో పైకప్పు ఎంతమేరకు ఇనుమో, 12 వోల్టుల బ్యాటరీ ఎక్కడుందో సేల్స్ వాళ్లనే చూపించమనండి. రెండు మూడు మోడళ్ల మధ్య ఊగుతున్నవాళ్లు ఇదే పరీక్ష ఒకే రోజు, ఒకే బ్యాండు మీద అన్నిటికీ చేస్తే తేడా చెవికే తెలిసిపోతుంది.